కాప్లీ వేసిన ఉడుతతో ఉన్న పిల్లవాడి బొమ్మకు నకలు వేయడం

న్యూయార్క్ సంపన్న కుటుంబపు పిల్లవాడు డేనియల్ వెర్‌ప్లాంక్ ఉడుతతో ఉన్న నూనెరంగుల బొమ్మను అమెరికన్ చిత్రకారుడు కాప్లీ 1771లో వేశాడు. ఇప్పుడది అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మూలం ఇంచుమించు 50×40 అంగుళాలు. దానికి సగమైన 25×20 కాన్వాస్ తీసుకుంటే, కొలత తప్పకుండా దించడానికి గీసే రెండున్నర అంగుళాల గళ్లు నిలువున 10, అడ్డంగా 8 సరిగ్గా పడతాయి.

ముందు రా అంబర్ అనే మట్టి గోధుమరంగులో, పలుచన చేసే టర్పెంటైన్ కలిపి నీడలు పలుచగా పరచండి. ఈ పొరలో అవిసె నూనె వద్దు. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే, పై పొర ముందే ఆరి తర్వాత పగుళ్లిస్తుంది.

చాలామంది తప్పేది ముఖం దగ్గర. కళ్లు తల మధ్యగీతకు పైకి జరిగాయా, తొమ్మిదేళ్లవాడు ముసలోడైపోతాడు. ఒంటిరంగుకు తెలుపు నాలుగు పాళ్లు, ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) ఒక పాలు, వెర్మిలియన్ (ఎరుపు) అరపాలు లోపే. నీడలో నలుపు కలిపితే చర్మం బూడిద కొడుతుంది, అంబర్ చాలు.

ఉడుతకు మన హన్మకొండ వేపచెట్టు మీది ఉడుతను చూసి గీయకండి. మన ఉడుతకు వీపున మూడు చారలుంటాయి, బొమ్మలోని దానికుండవు.

వానాకాలంలో పొరకూ పొరకూ వారం ఆగాలి. తొందరపడి ఎండలో పెడితే చెక్క ఫ్రేము వంకర తిరుగుతుంది. వార్నిష్ ఆరు నెలల తర్వాతే.