బెంగళూరు ఇంట్లో ఎస్టోనియా పండగ: కామా పిండి, ముత్తాతల ఇంటిపేర్లు

కోడలో అల్లుడో ఎస్టోనియా నుంచి వచ్చిన ఇంట్లో తప్పక జరుపుకోవలసిన రోజు ఫిబ్రవరి 24. 1918లో ఆ రోజునే రాజధాని తాలిన్‌లో స్వాతంత్ర్యం ప్రకటించారు. ఏటా సూర్యోదయానికి అక్కడి పిక్ హెర్మన్ అనే కోట బురుజు మీద జెండా ఎగరేస్తారు. అక్కడ ఏడున్నర ప్రాంతం, మనకు పదకొండు. అటువైపు అమ్మమ్మతో వీడియో కాల్, ఫలహారం ఆ వేళకే పెట్టుకోండి. గోడకు జెండా కుడితే నీలం పైన, నలుపు మధ్య, తెలుపు కింద రావాలి. ఎత్తు 42 సెం.మీ., పొడవు 66, పట్టీకి 14. కుట్టుకు అంచుల్లో సెంటీమీటరు వదలండి.

ఫలహారానికి కామా చేయండి. మన సత్తుపిండికి దగ్గర చుట్టమే. బార్లీ 200 గ్రాములు, రై (ఆవాలు కాదు, గోధుమలాంటి ధాన్యం), ఓట్స్, బఠానీ పప్పు వందేసి గ్రాములు. రై దొరక్కపోతే గోధుమలు వేయండి, రుచి కాస్త తియ్యగా మారుతుంది. అన్నీ కలిపి వేయించొద్దు: పప్పు వేగేలోపు ఓట్స్ మాడతాయి. సన్నసెగ మీద విడివిడిగా, పప్పును చివరిదాకా ఓపిగ్గా, కొరికితే కరకరలాడేలా వేయించాలి. అది సరిగా వేగకపోతే పిండంతా పచ్చివాసన వేస్తుంది. పూర్తిగా చల్లారాకే పట్టించండి, వేడిమీద ఆడిస్తే చెమ్మపట్టి ఉండకడుతుంది. మరలో అంతకుముందు కారం ఆడించలేదు కదా అని అడగండి. అంతకుముందు ఆడించింది రాగులైతే రంగు మారుతుంది, అంతే.

గ్లాసుడు చిక్కటి పుల్లమజ్జిగలో రెండు పెద్ద చెంచాల పిండి, చిటికెడు ఉప్పు, చెంచా పంచదార కలిపి పది నిమిషాలు నాననివ్వండి. వెంటనే తాగితే ఇసుకలా తగులుతుంది. అల్లం, పోపు వద్దు.

తాగుతూ అమ్మమ్మను పాత పేర్లు అడగండి. ఎస్టోనియా రైతులకు వంశనామాలు వచ్చిందే 1820, 30 దశకాల్లో. అంతకుముందు పొలమున్న ఇంటి పేరే, అదీ మనలాగే మనిషి పేరుకు ముందు. ఇల్లరికం వెళ్తే అల్లుడు ఆ ఇంటి పేరుతోనే పిలిపించుకునేవాడు. అందుకే అన్నదమ్ములిద్దరికి రెండు పేర్లు కనిపిస్తే తప్పనుకోకండి. 1930ల్లో చాలామంది జర్మన్ పేర్లు వదిలి ఎస్టోనియన్ పేర్లు పెట్టుకున్నారు, కనుక ‘పాతది ఏది?’ అన్నదే మొదటి ప్రశ్న. రెండోది చర్చి పారిష్ (ఆ కుటుంబం ఏ చర్చి పరిధిలో ఉండేదో), మూడోది ఆ ఊరి జమీ పేరు. ఈ మూడూ లేకుండా, పాత రికార్డులుండే ఎస్టోనియా జాతీయ ఆర్కైవ్స్ వారి సాగా సైటు తెరిస్తే పేజీల్లో తప్పిపోతారు. పేరు నమోదు చేసుకుంటే చర్చి రిజిస్టర్ల స్కాన్లు ఉచితంగానే చూడొచ్చు. చాలావరకు పాత జర్మన్ చేతిరాత, 1890ల నుంచి రష్యన్.

తేదీ రాసుకునేటప్పుడు జాగ్రత్త. 1918 దాకా అక్కడ పాత (జూలియన్) క్యాలెండరే, ఇప్పటి క్యాలెండర్ కంటే వెనకబడి ఉండేది. 1880 మార్చి 1 అని ఉంటే 12 రోజులు కలిపి మార్చి 13 అని, పక్కనే పాత తేదీ కూడా రాసుకోండి.