చెన్నై నుంచి తెరచాప ఓడ దాకా: బాల్టిక్ పాత రేవుల ప్రయాణానికి తయారయ్యే పద్ధతి

తెరచాప ఓడలో సెలవులు గడపాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. ప్రయాణికులుగా వెళ్తారా, పనివాళ్లుగా వెళ్తారా? 2000లో నీటికి దిగిన రాయల్ క్లిప్పర్ లాంటి ఓడకు ఐదు స్తంభాలు, 42 తెరచాపలు ఉంటాయి. అందులో తాడు ముట్టుకోకుండానే వారం గడిచిపోతుంది. రెండో రకం శిక్షణ ఓడలు. వీటిలో తెరచాప ఎత్తేది, చుక్కాని పట్టేది, రాత్రి కాపలా కాసేది మీరే. సముద్రం ఒంటికి తెలిసేది ఈ రెండో దాంట్లోనే. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

మొదటిసారి వెళ్లేవాళ్లకు బాల్టిక్ సముద్రం మంచిది. జర్మనీలోని ల్యూబెక్, స్వీడన్ దీవి మీది విస్బీ, ఎస్టోనియా రాజధాని టాలిన్ మూడూ హాన్సా అనే ఒకప్పటి వర్తక నగరాల కూటమి రేవులు, మూడూ ప్రపంచ వారసత్వ పట్టణాలు. ఆ సముద్రంలో ఆటుపోట్లు దాదాపు లేవు కాబట్టి ఏ వేళకు చేరినా రేవులోకి వెళ్లొచ్చు. ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలోలో అలా కుదరదు. పెద్ద పోటు రోజుల్లో అక్కడ నీటిమట్టం 12 మీటర్లకు పైగా లేచి పడుతుంది, లోపలి రేవు తలుపులు తెరిచే గంట కోసం ఓడ బయట ఎదురుచూడాలి.

బాల్టిక్‌లో వేసవి గాలి ఎక్కువగా పడమర, నైరుతి వైపు నుంచి వీస్తుంది. అందుకే ల్యూబెక్‌లో ఎక్కి టాలిన్‌లో దిగే ప్రయాణాన్నే ఎంచుకోండి. అడ్డకొయ్యలకు చదరపు తెరచాపలు కట్టిన ఓడ గాలి వచ్చే దిక్కుకు 60 డిగ్రీల కన్నా దగ్గరగా ముందుకు సాగదు. ఎదురుగాలిలో వంకరటింకరగా పోతూ ఒక మైలు ముందుకు జరగడానికి రెండు మైళ్లకు పైగా తిరగాలి. విస్బీ నుంచి టాలిన్ సుమారు 230 నాటికల్ మైళ్లు. వెనకగాలికి గంటకు ఆరు మైళ్లు పోతే రెండు రోజుల్లోపే చేరతారు, గాలి తిరిగితే ఆ లెక్క తప్పుతుంది. ఓడకు ఇంజన్ ఉన్నా, దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకోవద్దు. కనీసం రెండు రాత్రులు మధ్యలో ఉంచండి.

ఈ మూడు దేశాలూ ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల కూటమిలోవే, ఒక్క వీసా చాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. జులై ప్రయాణమైతే ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టండి, ఎండాకాలం సెలవులు దగ్గరపడే కొద్దీ చెన్నైలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమవుతుంది. ఎక్కే రేవు, దిగే రేవు, తేదీలు రాసిన ఉత్తరం ఓడవాళ్ల దగ్గర తీసుకుని జతచేయండి. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఓడ పని, స్తంభం ఎక్కడం ఆ పాలసీ మినహాయింపుల్లో ఉన్నాయేమో చదివాకే డబ్బు కట్టండి. మధ్యలో బ్రిటన్ రేవు తగిలే ప్రయాణమైతే దానికి వేరే వీసా కావాలి, షెంగెన్ వీసా కూడా మళ్లీ లోపలికి రానిచ్చేదై ఉండాలి.

ఇక చేతుల పని. దీన్ని చెన్నైలో ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పారీస్ కార్నర్ తాళ్ల దుకాణాల్లో మూడు పురులు పేనిన 12 మిల్లీమీటర్ల తాడు ఐదు మీటర్లు కొనండి. ఓడలో తాళ్లు కట్టే బెలేయింగ్ పిన్ చూడటానికి అప్పడాల కర్రలాగే ఉంటుంది. అందుకే ఒక అప్పడాల కర్రను, రెండు కొసలూ ఖాళీగా ఉండేలా, బాల్కనీ గ్రిల్‌కు లోపలి వైపున నిలువుగా బిగించండి. తాడును పై కడ్డీ మీదుగా వేసి ఒక కొసకు ఐదు లీటర్ల నీళ్ల డబ్బా కట్టి, అది కూడా లోపలి వైపే వేలాడేలా చూసుకోండి. రెండో కొసను లాగి పట్టుకుని మొదట కర్ర కింది కొస చుట్టూ తిప్పండి, తర్వాత పైకొసకు, మళ్లీ కిందికి, ఎనిమిది అంకెలాగా మూడు నాలుగు చుట్లు వేయండి. బరువంతా మోసేది ఆ మొదటి చుట్టే. విప్పేటప్పుడు పై చుట్లు తీసేసినా అది ఉంచితే తాడు మీ మాట వింటుంది, కొంచెం కొంచెంగా వదలొచ్చు. కొత్తవాళ్లు తొందరలో అదీ తీసేస్తారు. డబ్బా దబ్బున పడుతుంది. ఓడలో అయితే తాడు జర్రున జారి అరచేతి తోలు లేచిపోతుంది.

తాడును చేతికి చుట్టుకుని ఎప్పుడూ లాగవద్దు. తెరచాప గాలికి ఒక్కసారి ఎగిరితే తాడుతో పాటు చెయ్యీ కప్పీలోకి పోతుంది. నేల మీద పడున్న తాడు చుట్టలో కాలు పెట్టవద్దు. మిగిలిన తాడును గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టండి. కుడివైపు పేనిన తాడును ఎడమకు చుడితే మెలికలు పడి, అవసరానికి కప్పీలో ఇరుక్కుంటుంది.

స్తంభం ఎక్కడం ఇష్టముంటేనే, ఎవరూ బలవంతపెట్టరు. ఎక్కే ముందు ఉంగరాలు, గాజులు, చున్నీ తీసేయండి. మంగళసూత్రం, నల్లపూసలు తీసి పెట్టడం మంచిది, మనసొప్పకపోతే చొక్కా లోపల ఒంటికి అతికేలా టేపు వేసుకోండి. జేబులు ఖాళీ చేయండి, పైనుంచి జారిన ఫోను కింద ఉన్నవాళ్ల తల మీద పడుతుంది. గాలి వచ్చే వైపు నుంచే ఎక్కాలి, అప్పుడు గాలి మిమ్మల్ని తాళ్ల నిచ్చెనకు అదిమి పెడుతుంది. చేతులతో నిలువు తాళ్లనే పట్టుకోండి. అడ్డంగా ఉన్న మెట్ల తాళ్లు కాళ్లకే, పాతబడితే తెగుతాయి. కాలు కూడా మెట్టు నడుమ కాకుండా నిలువు తాడుకు దగ్గరగా వేయండి. పైన అడ్డకొయ్య కింద వేలాడే కాలితాడు మీద అడుగు పెట్టే ముందు గట్టిగా చెప్పండి, మీ బరువు పడగానే అప్పటికే దాని మీద నిలబడ్డవాళ్లు పైకి లేస్తారు.

కడుపులో తిప్పడం మొదటి రెండు మూడు రోజులు చాలామందికి తప్పదు. అవోమిన్ లాంటి మాత్ర వాడాలనుకుంటే డాక్టర్ని అడిగి, ఓడ కదలడానికి ముందే వేసుకోండి. వాంతులు మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. అది మత్తు ఇస్తుంది కాబట్టి చెన్నైలోనే సెలవు రోజున ఒకటి వేసుకుని ఎంత నిద్ర వస్తుందో చూసుకోండి. వేసుకున్న రోజు స్తంభం ఎక్కవద్దు. కింది గదిలో పడుకుని ఫోను చూడటం కన్నా పైకొచ్చి, ఓడ నడుమ భాగంలో కూర్చుని, దిగంతం వైపు చూడటం మేలు. ఖాళీ కడుపు ఇంకా చెడ్డది, అప్పుడప్పుడూ ఉప్పు బిస్కెట్ నములుతుండండి.

శాకాహారులు ‘మాంసం, చేప, వాటి రసం కూడా వద్దు’ అని ముందే విడమరిచి రాయండి. కందిపొడి, ఆవకాయ పెట్టెలో పెట్టుకోవచ్చు. నెయ్యి మాత్రం కుదరదు, బయటి దేశాల పాల పదార్థాలను యూరప్ సామానులో రానివ్వదు. పచ్చి కరివేపాకూ అంతే. గట్టి సూట్‌కేసుకు పడక కింద చోటుండదు, మడతపడే సంచీ తీసుకెళ్లండి. జులైలోనూ రాత్రి ఓడ పైతట్టు (డెక్) మీద చెన్నైవాళ్లు ఎరగని చలి. తడిసిన నూలు బట్ట ఆరదు, ఉన్ని లోదుస్తులు రెండు జతలు, వాన ఆపే చొక్కా, ప్యాంటు ఉండాలి.

కాపలా సాధారణంగా నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి. చుక్కాని పట్టినప్పుడు చక్రం కొంచెమే తిప్పి ఆగండి. ఓడ ఆలస్యంగా కదులుతుంది, తిరగడం మొదలయ్యాక ఆగకుండా పోతుంది. అందుకే దిక్సూచి ముల్లు మీకు చెప్పిన దిశ అంకెకు చేరకముందే చక్రాన్ని వెనక్కి తేవాలి. ముందు వైపు చూసే పనిలో ఉంటే ఏం కనిపించిందో, ఓడ ముక్కుకు ఏ పక్కన, ఎంత దూరాన ఉందో చెప్పాలి. టాలిన్ దగ్గరపడేటప్పుడు సెయింట్ ఓలాఫ్ చర్చి గోపురం సముద్రం మీదికి కనిపిస్తుంది. అప్పుడు కూడా ‘అదిగో!’ అనకుండా ‘ముక్కుకు కుడి పక్క, చాపిన చేతి రెండు వేళ్ల వెడల్పంత పక్కగా గోపురం’ అని, ఎంత దూరమో కూడా చెప్పండి.