ఫ్లైట్ సిమ్ ఆగి ఆగి నడుస్తోందా, నేల మసకబారుతోందా? ముందు వీడియో మెమరీ చూడండి

"మైక్రోసాఫ్ట్ సిమ్‌లో ఊళ్లు, కొండలు అద్భుతంగా ఉన్నాయి, కానీ ల్యాండింగ్ వేళకి ఆగి ఆగి నడుస్తోంది. ఎక్స్-ప్లేన్ హాయిగా నడుస్తోంది, కానీ నేలంతా మసక. రెండింట్లో ఏది మంచిది?" కంప్యూటర్లో విమానం నడిపే రెండు సిమ్యులేటర్లు, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్ గురించి ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. వాళ్ల కంప్యూటర్ చూస్తే చాలాసార్లు రెండు సిమ్‌లకీ పట్టిన జబ్బు ఒకటే. గ్రాఫిక్స్ కార్డులో ఉండే మెమరీ నిండిపోయింది. ఒక సిమ్ ఆ బాధను కుదుపులుగా చూపిస్తుంది, ఇంకోటి మసకగా చూపిస్తుంది. అది తెలియక సిమ్ మార్చినవాళ్లు, ప్రాసెసర్ మార్చినవాళ్లు, విండోస్ మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించినవాళ్లు ఉన్నారు.

సెట్టింగ్స్ మార్చడం, డ్రైవర్ అప్‌డేట్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఏ స్లైడరూ ముట్టుకోకముందు

లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉందా? బ్యాటరీ మీద ఏ సిమ్ వేగాన్నీ కొలవకండి. సిమ్ నిజంగా అసలు గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తోందా, ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందా అన్నది విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో చూడండి. డెస్క్‌టాప్ అయితే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా అని వెనక్కి వంగి ఒకసారి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద పడే బొమ్మల సంఖ్య) ఎప్పుడూ సరిగ్గా 30 దగ్గరో 60 దగ్గరో నిలిచిపోతుంటే అది రోగం కాదు, దాన్ని మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ పనిచేస్తోందంతే.

ఇంకొకటి ఉంది, దీన్ని దాదాపు అందరూ దాటేస్తారు. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో బయటి యాడ్-ఆన్లు ఉండే కమ్యూనిటీ ఫోల్డర్‌ని ఖాళీ చేసి, ఎక్స్-ప్లేన్‌లో అయితే కస్టమ్ సీనరీ, ప్లగిన్లు పక్కకి తీసి ఒక్కసారి ఎగిరి చూడండి. "అవన్నీ ఎప్పటినుంచో ఉన్నవే, వాటివల్ల కాదు" అంటారు. సిమ్‌కి కొత్త అప్‌డేట్ వచ్చాక పాత యాడ్-ఆన్ అదే యాడ్-ఆన్‌లా ప్రవర్తిస్తుందని నమ్మకం లేదు. పది నిమిషాల పని ఇది. దయచేసి చేయండి.

లక్షణం: రన్‌వే మీద నిలబడి ఉండగానే ఎఫ్‌పీఎస్ తక్కువ

మొదటి నుంచీ ఒకేలా తక్కువగా ఉంటే కారణం పట్టుకోవడం తేలిక. రెండరింగ్ రిజల్యూషన్‌ని సగానికి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది. మేఘాలు, నీడలు, యాంటీ-అలియాసింగ్ తగ్గించుకోండి. ఎఫ్‌పీఎస్‌లో మార్పు లేకపోతే భారం ప్రాసెసర్ మీద ఉన్నట్టు.

ప్రాసెసర్ అనగానే "టాస్క్ మేనేజర్‌లో 20 శాతమే వాడుతోంది కదా" అని అడుగుతారు. ఫ్లైట్ సిమ్‌లో ఎక్కువ పని ఒకే ప్రధాన థ్రెడ్ (ప్రాసెసర్ ఒక వరుసలో చేసుకుపోయే పని) మీద నడుస్తుంది. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది 6 శాతమే. అందుకే ఆ మొత్తం శాతం ఇక్కడ పనికిరాదు. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ పెట్టె తెరిస్తే 'లిమిటెడ్ బై మెయిన్ థ్రెడ్' అని అదే చెబుతుంది. ఎక్స్-ప్లేన్‌లో డేటా ఔట్‌పుట్ మొదటి వరుసను కాక్‌పిట్‌లో చూపించమంటే ప్రాసెసర్ సమయం, గ్రాఫిక్స్ సమయం విడివిడిగా కనిపిస్తాయి.

ప్రధాన థ్రెడ్ భారం తగ్గాలంటే మైక్రోసాఫ్ట్ సిమ్‌లో టెర్రైన్ ఎల్‌ఓడీ (నేల వివరాలు ఎంత దూరం దాకా చూపాలన్న అంకె), ట్రాఫిక్, గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేటు తగ్గించాలి. ఎక్స్-ప్లేన్‌లో వరల్డ్ ఆబ్జెక్ట్స్ ఒక మెట్టు దించాలి.

రెండు సిమ్‌లని పోల్చేవాళ్లకి ఇక్కడ ఒక మాట. ఎక్స్-ప్లేన్‌లో ఎఫ్‌పీఎస్ సుమారు 20 కంటే కిందికి పోవాల్సి వస్తే సిమ్ తన లోపలి గడియారాన్నే నెమ్మది చేస్తుంది. విమానం నిజమైన సమయం కంటే నిదానంగా ఎగురుతుంది. తెర మీద అంకె అంత ఘోరంగా కనిపించదు గానీ గంట ప్రయాణం గంటలో అవదు. ఆ స్థితిలో తీసిన ఎఫ్‌పీఎస్‌ని ఇంకో సిమ్ ఎఫ్‌పీఎస్ పక్కన పెట్టి చూస్తే తప్పుదారి పడతారు.

లక్షణం: టేకాఫ్ బాగుంది, ల్యాండింగ్ దగ్గర కుప్పకూలింది. లేదా: ఎగురుతూ ఉండగా నేల, కాక్‌పిట్ అక్షరాలు మసకబారాయి

నేను బాగా దెబ్బతిన్నది దీని దగ్గరే, అందుకే వివరంగా చెబుతాను.

నాది అప్పట్లో 8 జీబీ మెమరీ ఉన్న కార్డు. టేకాఫ్‌లో 40 ఎఫ్‌పీఎస్, పైన ఎగురుతున్నంతసేపూ అంతకంటే ఎక్కువే. పెద్ద నగరంలో దిగబోతూ చివరి పది మైళ్లలోకి వచ్చేసరికి 9కి పడిపోయేది. చూపు పక్కకి తిప్పితే సెకను సేపు తెర బిగుసుకుపోయేది. గ్రాఫిక్స్ వాడకం గ్రాఫ్ చూస్తే అది కూడా కిందికి పడుతోంది. కార్డు ఖాళీగా ఉంది కాబట్టి తప్పు ప్రాసెసర్‌దే అని తేల్చేసుకున్నాను. టెర్రైన్ ఎల్‌ఓడీ 200 నుంచి 100కి, అక్కడి నుంచి 50కి దించాను. నేల వికారంగా తయారైంది, ఎఫ్‌పీఎస్ మాత్రం 9 దగ్గరే ఉంది. సిమ్ మొత్తం తీసేసి మళ్లీ డౌన్‌లోడ్ చేశాను. మూడు వారాల తర్వాత ఒక రాత్రి టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ చివరిదాకా చూశాను. డెడికేటెడ్ మెమరీ, అంటే కార్డు సొంత మెమరీ, 8లో 7.8 జీబీ నిండి ఉంది. దాని కింద షేర్డ్ మెమరీ (కార్డు అరువు తెచ్చుకునే మామూలు ర్యామ్) గీత మెల్లగా పైకి ఎక్కుతోంది. మూడు వారాలు ఆ గీత నా కళ్ల ముందే ఉంది.

జరిగేది ఇది. కార్డు సొంత మెమరీ నిండితే విండోస్ కొన్ని టెక్స్చర్లను (వస్తువుల మీద అతికించే బొమ్మలను) మామూలు ర్యామ్‌లోకి నెడుతుంది. వాటి అవసరం వచ్చినప్పుడల్లా కార్డుని మదర్‌బోర్డుతో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో వెనక్కి తెచ్చుకోవాలి. 8 జీబీ ఆర్‌టీఎక్స్ 3070ని తీసుకోండి. దాని సొంత మెమరీ వేగం సెకనుకి 448 జీబీ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 దారి 16 లేన్లతో కూడా సెకనుకి సుమారు 32 జీబీనే. పద్నాలుగు రెట్లు ఇరుకైన దారిలో సరుకు రావాలి. అది వచ్చేదాకా కార్డు చేతులు కట్టుకుని కూర్చుంటుంది, అందుకే వాడకం గ్రాఫ్ పడిపోతుంది. 'కార్డు ఖాళీగా ఉంది' అని మనం పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ల్యాండింగ్ దగ్గరే ఎందుకంటే, అక్కడే అన్నీ కలుస్తాయి. విమానం టెక్స్చర్లు ముందునుంచే లోపల ఉన్నాయి. వాటిమీద గమ్యం ఎయిర్‌పోర్టు, ఫోటోగ్రామెట్రీ (నిజమైన ఫోటోల నుంచి కట్టిన 3డీ) నగరం, గేట్ల దగ్గర నిలబడ్డ విమానాల రంగులు వచ్చి పడతాయి. ఎల్‌ఓడీ తగ్గిస్తే ప్రాసెసర్‌కి ఊరట, కానీ మెమరీలో పెద్ద చోటు ఆక్రమించిన విమానం, ఎయిర్‌పోర్టు టెక్స్చర్లు కదలవు. అందుకే నా 50 ఏమీ పనిచేయలేదు.

అదే రోగం ఎక్స్-ప్లేన్‌లో వేరే వేషంలో వస్తుంది. 2020లో వచ్చిన 11.50 వెర్షన్‌తో ఎక్స్-ప్లేన్ వల్కన్, మెటల్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతులకి మారింది. అప్పటినుంచి వీడియో మెమరీని సిమ్ తానే చూసుకుంటుంది. చోటు చాలకపోతే కుదుపులు రానివ్వకుండా టెక్స్చర్ల రిజల్యూషన్‌ని చెప్పాపెట్టకుండా దించేస్తుంది. ఎఫ్‌పీఎస్ నిలకడగా ఉంటుంది, రన్‌వే గీతలు, ప్యానెల్ మీద అక్షరాలు మాత్రం అలుక్కుపోతాయి. చూసినవాళ్లు సీనరీ ప్యాకేజీ బాగాలేదని, ఎక్స్-ప్లేన్ గ్రాఫిక్స్ పాతబడ్డాయని అనుకుంటారు. రెండు సిమ్‌లూ ఒకే మెమరీ కోసం పెనుగులాడుతూ, ఒకటి వేగాన్ని వదులుకుంది, ఇంకోటి స్పష్టతను వదులుకుంది.

నిర్ధారణకి డబ్బు పెట్టి ఏ సాధనమూ కొనక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ తెరిచి పెట్టండి. సమస్య వచ్చిన ఆ నిమిషంలోనే చూడాలి, పైన ఎగురుతున్నప్పుడు కాదు. డెడికేటెడ్ మెమరీ అంచుకి అంటుకుని, షేర్డ్ మెమరీ పెరుగుతూ ఉంటే ఇదే. షేర్డ్‌లో కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది, దానికి కంగారు పడకండి.

పరిష్కారం నేను చేసే వరుసలోనే చెబుతాను. మొదట టెక్స్చర్ రిజల్యూషన్ అల్ట్రా నుంచి హైకి దించండి. నా కేసులో సగం రోగం దీంతోనే పోయింది, తేడా కంటికి ఆనలేదు. తర్వాత విమానం లివరీ (పైన వేసిన రంగులు, గుర్తులు) చూడండి. 8కే టెక్స్చర్ ఒక్క షీటు, ఇప్పటి మంచి కంప్రెషన్‌తో కూడా, దాని చిన్న ప్రతులతో కలిపి సుమారు 85 ఎంబీ. అదే 4కేలో 21 ఎంబీ. రంగు, ఉబ్బు, మెరుపుల కోసం ఒక్కో భాగానికి ఇలాంటి షీట్లు రెండు మూడు ఉంటాయి, అవి విమానం నిండా పరుచుకుని ఉంటాయి. 4కే లివరీ పెట్టుకుంటే కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి తేడా తెలియదు. ఆ తర్వాత బ్రౌజర్ మూసేయండి. రెండో మానిటర్‌లో వీడియో నడుస్తున్న బ్రౌజర్ కూడా ఇదే మెమరీలో వాటా తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ 2020 వెర్షన్ సిమ్ అయితే సెట్టింగ్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 నుంచి 11కి మారి చూడండి. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో బొమ్మలను కార్డే పుట్టించే సదుపాయం) వాడుతుంటే దానికీ మెమరీ కావాలి, చోటు లేని కార్డులో అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. పరీక్ష కోసం ఫోటోగ్రామెట్రీని ఆఖరున ఆపండి, ఎందుకంటే సీనరీ అందం చాలావరకు అందులోనే ఉంది.

నేను పెట్టుకున్న గురి: అత్యంత బరువైన ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు కనీసం 1 జీబీ ఖాళీ.

ఎక్స్-ప్లేన్‌లో చేయాల్సింది మొదట వింతగా అనిపిస్తుంది: నేల మసకగా ఉంటే టెక్స్చర్ నాణ్యత ఒక మెట్టు తగ్గించండి. పైమెట్టు మీద పెడితే చోటు చాలక సిమ్ తనకి తోచినవి దించుతుంది, వాటిలో మీ కళ్ల ముందున్న ప్యానెల్ కూడా ఉండవచ్చు. కింది మెట్టులో అన్నీ పట్టేస్తే, తెర మొత్తమ్మీద ముందుకంటే స్పష్టంగా ఉంటుంది.

ఎక్స్-ప్లేన్ కోసం ఆర్థో4ఎక్స్‌పీ అనే ప్రోగ్రామ్‌తో నేల ఫోటోలు (ఆర్థోలు) తయారు చేసుకునేవాళ్లు జూమ్ లెవెల్ దగ్గర నిగ్రహం చూపాలి. భూమధ్యరేఖ ప్రాంతంలో ఒక డిగ్రీ టైల్‌కి లెవెల్ 16లో సుమారు 140 టెక్స్చర్లు, 17లో 550 దాకా, 18లో 2,000 పైన అవుతాయి. ఒక్కోటి 4096×4096 పిక్సెళ్లు, దాదాపు 11 ఎంబీ. లెవెల్ ఒకటి పెంచిన ప్రతిసారీ నాలుగు రెట్లు. 16లో ఒక పిక్సెల్ నేల మీద రెండున్నర మీటర్ల లోపు, 18లో 60 సెంటీమీటర్లు. వేల అడుగుల ఎత్తు నుంచి చూసేవాడికి ఆ 60 సెంటీమీటర్లు ఎందుకు? మొత్తం 16లో చేసుకుని, ఎయిర్‌పోర్టుల చుట్టూ మాత్రం 17 లేదా 18 పెట్టుకోండి.

లక్షణం: మైక్రోసాఫ్ట్ సిమ్‌లో భవనాలు కరిగిన మైనంలా, లేదా నగరమంతా ఒకే అచ్చు ఇళ్లలా

ఇక్కడ తప్పు కార్డుది కాదు, ఇంటర్నెట్‌ది. ఈ సిమ్ నేలని బింగ్ మ్యాప్స్ నుంచి ఎగురుతుండగా తెచ్చుకుంటుంది. 2020 సిమ్‌కి చెప్పిన కనీస వేగం 5 ఎంబీపీఎస్, తగినది 20. కనెక్షన్ మధ్యలో తెగితే సిమ్ ఆఫ్‌లైన్ సీనరీకి వెళ్లిపోతుంది. డేటా సెట్టింగ్స్‌లో బింగ్ డేటా, ఫోటోగ్రామెట్రీ ఆన్‌లో ఉన్నాయో లేవో చూడండి. ఉన్నా మారకపోతే రోలింగ్ క్యాష్ (తెచ్చుకున్న సీనరీని డిస్క్‌లో దాచే ఫైలు) తొలగించి మళ్లీ పెట్టండి. ఆఫ్‌లైన్ సీనరీ తేలిక కాబట్టి ఎఫ్‌పీఎస్ కాస్త పెరుగుతుంది. "నిన్నటికంటే ఇవాళ బాగా నడుస్తోంది" అని సంతోషించేముందు కిటికీలోంచి నగరాన్ని ఒకసారి చూడండి.

లక్షణం: ఎక్స్-ప్లేన్‌లో నేల ఫోటో ఉంది, ఇళ్లూ రోడ్లూ లేవు

చాలాసార్లు, ఏ సీనరీ పైన ఏది కింద అని చెప్పే సీనరీ ప్యాక్స్ ఫైల్లో వరుస తప్పి ఉంటుంది. పైన ఎయిర్‌పోర్టులు, తర్వాత ఇళ్లూ రోడ్లూ ఉండే ఓవర్‌లేలు, వాటి కింద ఆర్థోలు ఉండాలి. ఆర్థో పైకి ఎక్కితే తన కిందున్నవన్నీ కప్పేస్తుంది. సరిచేసి సిమ్‌ని మళ్లీ మొదలుపెట్టండి.

అరుదైనవి

వేడెక్కి ప్రాసెసర్ నెమ్మదించడం, ర్యామ్ తన పూర్తి వేగంలో నడవకపోవడం, పేజ్ ఫైల్ ఆపేసి ఉండటం. ఇవీ ఉంటాయి, కానీ పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి. 2006 నాటి మైక్రోసాఫ్ట్ సిమ్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఇంకా వాడుతూ మెమరీ చాలక క్రాష్ అవుతుంటే, అది 32-బిట్ ప్రోగ్రామ్ కాబట్టి 4 జీబీ దాటి వాడుకోలేదు. కొత్త కార్డు, కొత్త ర్యామ్ ఆ గోడని జరపలేవు.

రెండు సిమ్‌లనీ పక్కపక్కన కొలవాలంటే

రెండింట్లోనూ సెస్నా 172 ఉంది, దాన్నే తీసుకోండి. అదే ఎయిర్‌పోర్టు, మధ్యాహ్న సమయం, మబ్బులేని ఆకాశం, ట్రాఫిక్ సున్నా, ఒకే రిజల్యూషన్, యాడ్-ఆన్లు ఏమీ లేకుండా. లోడ్ అయ్యాక ఐదు నిమిషాలు ఊరకే వదిలేయండి, వెనక ఇంకా సరుకు వస్తూనే ఉంటుంది. తర్వాత టేకాఫ్ అయ్యి ఎయిర్‌పోర్టు చుట్టూ ఒక సర్క్యూట్ తిరిగి దిగండి. సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే రాసుకోకండి. దిగే చివరి రెండు నిమిషాల్లో అతి తక్కువ ఎఫ్‌పీఎస్, ఆ క్షణంలో డెడికేటెడ్ మెమరీ అంకె, షేర్డ్ మెమరీ అంకె కూడా పక్కనే రాయండి. రెండు సిమ్‌ల్లోనూ డెడికేటెడ్ మెమరీలో 1 జీబీ ఖాళీ కనిపించేదాకా టెక్స్చర్లు సరిచేసుకుని, అప్పుడు మళ్లీ కొలవండి. అప్పుడు వచ్చిన ఎఫ్‌పీఎస్‌లనే పక్కపక్కన పెట్టండి.