జీనోమిక్స్‌లో పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన కొలువుకు) ఎలా ప్రయత్నించాలి?

థీసిస్ సమర్పించాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే. కనీసం ఏడాది ముందు కదలండి. ఫెలోషిప్‌ల ఫలితాలు తేలడానికే నెలలు పడుతుంది.

మొదట గిట్‌హబ్ (కోడ్ అందరికీ కనిపించేలా పెట్టే సైటు) సర్దుకోండి. కంప్యుటేషనల్ బయాలజీలో, అంటే కంప్యూటర్‌తో జీవశాస్త్ర డేటా విశ్లేషించే పనిలో, సీవీ ఎంత బాగున్నా, కోడ్ చూడందే నమ్మకం కుదరదు. థీసిస్ డేటా బయటపెట్టడానికి గైడ్ ఒప్పుకోకపోతే, అందరికీ తెరిచి ఉన్న డేటాతో చిన్న పని చేసిపెట్టండి. ప్రపంచవ్యాప్తంగా వేల మంది జన్యుక్రమాలు చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో 'ఐటీయూ' అనే గుంపు ఉంది. వాళ్లు బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు. ఆ డేటా దించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిగతా దక్షిణాసియా గుంపులతో పోల్చి ఒక పీసీఏ (గుంపుల మధ్య జన్యు తేడాలు చూపే పటం) గీయండి. రీడ్‌మీలో (కోడ్‌తో పాటు పెట్టే వివరణ ఫైలులో) ఏ రిఫరెన్స్ (పోల్చడానికి వాడే ప్రామాణిక మానవ జీనోమ్) వాడారో తప్పకుండా రాయండి. ఆ ప్రాజెక్టు పాత మూడో దశ విడుదల జీఆర్‌సీహెచ్37 అనే రిఫరెన్స్ వెర్షన్ మీద ఉంది, తర్వాత వచ్చిన 30ఎక్స్ (ప్రతి స్థానాన్నీ సగటున 30 సార్లు చదివిన) సీక్వెన్సింగ్ జీఆర్‌సీహెచ్38 మీద ఉంది. చూసుకోకుండా రెండూ కలిపేస్తే స్థానాలు కుదరవు. ఆ ఒక్క లైనుతోనే మీకు పని వచ్చో రాదో అవతలివాళ్లకు అర్థమైపోతుంది.

తర్వాత ల్యాబ్. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఢిల్లీలో ఐజీఐబీ, పశ్చిమ బెంగాల్ కల్యాణిలో ఎన్‌ఐబీఎంజీ ఉన్నాయి. బయటికెళ్తే, ఇంగ్లండ్ హింక్స్‌టన్‌లో ఈఎంబీఎల్-ఈబీఐ, శాంగర్ ఇన్‌స్టిట్యూట్ ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. అయితే సంస్థ పేరు కంటే పీఐ (ల్యాబ్ నడిపే శాస్త్రవేత్త) ఎవరన్నదే ముఖ్యం. బయోఆర్కైవ్ సైటులో వాళ్ల తాజా ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టే పేపర్లు) చదవండి.

మెయిల్ సంగతి. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హైలీ మోటివేటెడ్' అని వందమందికి ఒకేసారి కొట్టే మెయిల్ చెత్తబుట్టకే. ఇలా మొదలుపెట్టి చూడండి: 'మీ ప్రీప్రింట్‌లో అరుదైన జన్యు వేరియంట్లను యూరోపియన్ డేటాతో వడపోశారు. దక్షిణాసియా నమూనాలు కలిపితే వాటిలో కొన్ని అరుదైనవి కావని తేలొచ్చు. నేను చేసిన చిన్న విశ్లేషణ లింకు ఇది.' పది వాక్యాలు దాటొద్దు. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి, చాలు.

డబ్బు రెండు దారుల్లో వస్తుంది: పీఐ గ్రాంట్, లేదా మీ సొంత ఫెలోషిప్. దేశంలో ఏఎన్ఆర్ఎఫ్ (కేంద్ర పరిశోధన నిధుల సంస్థ) వారి ఎన్‌పీడీఎఫ్ (నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) వారి ఆర్ఏ (రీసెర్చ్ అసోసియేట్‌షిప్) ఉన్నాయి. యూరప్‌కైతే యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ, యూరప్ జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే ఫెలోషిప్. మేరీ క్యూరీలో ఒక మెలిక ఉంది: గడువుకు ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి తాము వెళ్లదలచిన దేశంలో ఉన్నవాళ్లు అక్కడికి అర్హులు కారు. ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చేవాళ్లు హెచ్ఎఫ్ఎస్‌పీ (హ్యూమన్ ఫ్రంటియర్ సైన్స్ ప్రోగ్రామ్) వారి క్రాస్-డిసిప్లినరీ ఫెలోషిప్ చూడండి, అది అలాంటివాళ్ల కోసమే పెట్టింది. వయసు, గడువు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌నే నమ్మండి.

ఇంటర్వ్యూ కుదిరాక ఆ ల్యాబ్‌లో ఉన్న పోస్ట్‌డాక్‌తో విడిగా మాట్లాడండి. సర్వర్లు చాలినన్ని ఉన్నాయా? నియంత్రిత డేటాకు అనుమతి వచ్చిందా, ఇంకా రావాలా? అన్నింటికన్నా ముఖ్యం, కంప్యూటర్ మనిషికి అక్కడ పేపర్లలో మొదటి రచయిత స్థానం దక్కుతోందా, లేక అందరి డేటా విశ్లేషించిపెట్టి పేర్ల వరుసలో మధ్యలో మిగిలిపోతున్నాడా? సమాధానం నసిగితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.