సొంతంగా వర్క్‌స్టేషన్ – 4వ పాఠం: ర్యామ్ ఎంపిక

గత పాఠంలో ప్రాసెసర్‌ను, దానికి తగిన మదర్‌బోర్డ్‌ను ఎంచుకున్నాం. ఆ రెండింటి మోడల్ పేర్లు మీ నోట్‌బుక్‌లో ఉంటే ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. లేకపోతే ముందు ఆ పని పూర్తి చేయండి. ఈరోజు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఆ పేర్లు కావాలి.

ర్యామ్ అనగానే చాలామంది ముందు స్పీడ్ ఎంత అని అడుగుతారు. మనం స్పీడ్‌ను చివరికి ఉంచుదాం. మొదట ఎంత కావాలో చూద్దాం, తర్వాత ఎన్ని స్టిక్‌లుగా (స్లాట్‌లో దిగే ర్యామ్ పలకలు) తీసుకోవాలో, ఆపైన ఈసీసీ (తప్పులను దిద్దుకునే ర్యామ్) అవసరమా కాదా అన్నది. పనిచేసుకునే కంప్యూటర్‌కు ఇదే సరైన వరుస అని నా గట్టి నమ్మకం.

ఎంత కావాలి?

దీనికి జవాబు ఎవరినీ అడగనక్కర్లేదు. ఇప్పుడు మీరు వాడుతున్న కంప్యూటరే చెబుతుంది. మీ పనిలో అన్నింటికంటే బరువైన ఫైల్ తెరవండి. రోజూ పక్కన తెరిచి ఉంచే బ్రౌజర్‌నూ మిగతా ప్రోగ్రామ్‌లనూ మూసేయకండి. నిజమైన పనిరోజు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ఇక విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ పేజీ చూడండి.

అక్కడ ‘ఇన్ యూజ్’ అన్న అంకెను చూసి ఆగిపోవద్దు. అది మీ దగ్గరున్న ర్యామ్‌ను ఎప్పటికీ దాటదు. ర్యామ్ చాలక డిస్క్ మీదికి నెట్టిన భాగం అందులో కనిపించదు. ‘కమిటెడ్’ అన్న అంకె చూడండి. ప్రోగ్రామ్‌లు తమకు కావాలని అడిగి తీసుకున్నదంతా అందులో ఉంటుంది. కొన్ని ప్రోగ్రామ్‌లు వాడేదానికన్నా ఎక్కువే అడుగుతాయి కాబట్టి అది కాస్త పెద్దగా కనిపిస్తుంది, కానీ అంచనాకు అదే నమ్మదగినది. లినక్స్ వాడేవారు ఫ్రీ కమాండ్ ఇచ్చి ‘అవైలబుల్’ గడినీ, స్వాప్ (ర్యామ్‌కు బదులు వాడుకునే డిస్క్ భాగం) ఎంత వాడిందో చెప్పే వరుసనూ చూడండి.

పని మంచి ఊపులో ఉన్నప్పుడు కనిపించిన పెద్ద అంకెకు సగం కలపండి. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో కమిటెడ్ 41 జీబీకి చేరిందనుకుందాం. సగం కలిపితే 61.5. అంటే 64 జీబీ తీసుకోవాలి.

ర్యామ్ చాలకపోతే కంప్యూటర్ ఆగిపోదు, డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటూ నెట్టుకొస్తుంది. ర్యామ్‌లో ఉన్న డేటా ప్రాసెసర్‌కు చేరడానికి దాదాపు 100 నానోసెకన్లు పడితే, మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగమైన రకం డిస్క్) నుంచి రావడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది (ఒక మైక్రోసెకను అంటే 1000 నానోసెకన్లు). వందల రెట్ల తేడా. మౌస్ కదలిక కూడా తడబడేది అప్పుడే. ఎంత వేగమైన ర్యామ్ కొన్నా, చాలినంత లేకపోతే ఈ దెబ్బ తప్పదు. అందుకే మొదటి ప్రశ్న ఇది.

ఎన్ని స్టిక్‌లు?

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ర్యామ్‌తో మాట్లాడే దారులు రెండు ఉంటాయి. వీటినే చానెళ్లు అంటారు. ఒక్క స్టిక్ పెడితే ఒక దారి ఖాళీగా పడి ఉంటుంది, ఒంటెద్దు బండిలా. డీడీఆర్5-5600 (డీడీఆర్5 ర్యామ్ తరం, 5600 దాని స్పీడ్) స్టిక్ ఒకటి సెకనుకు 44.8 జీబీ ఇవ్వగలదు, రెండు పెడితే 89.6 జీబీ. లెక్క సులువే: 5600ను 8 బైట్లతో గుణించండి, తర్వాత చానెళ్ల సంఖ్యతో. వచ్చేది ఎంబీల్లో, 1000తో భాగిస్తే జీబీ.

మదర్‌బోర్డ్ మీద నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా, నాలుగూ నింపితే ఇంకా వేగం పెరగదా? పెరగదు. చానెళ్లు రెండే. ఒక్కో చానెల్ మీద రెండేసి స్టిక్‌లు చేరితే సిగ్నల్‌ను నిలబెట్టడం కష్టమై వేగం తగ్గించాల్సి వస్తుంది. ఏఎండీ రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్ల స్పెసిఫికేషన్‌లో ఇది స్పష్టంగా ఉంది: రెండు స్టిక్‌లకు డీడీఆర్5-5200, నాలుగు స్టిక్‌లకు డీడీఆర్5-3600. అంటే సెకనుకు 83.2 జీబీ నుంచి 57.6 జీబీకి పడిపోవడం. కాబట్టి 64 జీబీ కావాలంటే 16 జీబీవి నాలుగు వద్దు, 32 జీబీవి రెండు తీసుకోండి. 48 జీబీ, 64 జీబీ స్టిక్‌లు కూడా దొరుకుతున్నాయి, రెండింటితోనే 96 లేదా 128 జీబీ అవుతుంది.

‘ఇప్పుడు రెండు, తర్వాత డబ్బు చేతికొచ్చాక ఇంకో రెండు’ అన్న ఆలోచన అందరికీ వస్తుంది. నేనూ అలాగే చేశాను. అదే మోడల్ నంబర్ చూసి మరీ రెండో జత కొన్నాను. పగలంతా బాగానే పనిచేసేది. రాత్రి రెండరింగ్‌కు పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి రీస్టార్ట్ అయి ఉండేది. సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాను, ఎస్‌ఎంపీఎస్‌ను (కరెంటు సరఫరా చేసే పెట్టె) మార్చాను. చివరికి మెమరీ టెస్ట్ పెడితే నాలుగు స్టిక్‌లూ కలిసి ఉన్నప్పుడే తప్పులు వచ్చాయి, ఏ జత విడిగా పెట్టినా ఒక్క తప్పూ లేదు. ఒకే మోడల్ నంబర్ కింద లోపలి చిప్‌లు మారవచ్చని అప్పటికి నాకు తెలియదు. కిట్‌గా అమ్మేవి కలిపి పరీక్షించినవి. మీకు కావాల్సిందంతా ఒకే కిట్‌గా, ఒకేసారి కొనండి.

థ్రెడ్‌రిప్పర్ 7000 లాంటి పెద్ద ప్రాసెసర్ ఎంచుకున్నవారికి లెక్క వేరు. దానికి నాలుగు చానెళ్లు, ప్రో రకానికి ఎనిమిది. చానెల్‌కు ఒకటి చొప్పున అన్నీ నింపాలి. వాటికి రిజిస్టర్డ్ ర్యామ్, అంటే ఆర్‌డిమ్ మాత్రమే పనిచేస్తుంది. మామూలు డీడీఆర్5 స్టిక్ ఆ స్లాట్‌లో దిగదు కూడా, గాడి వేరేచోట ఉంటుంది.

ఈసీసీ కావాలా?

ర్యామ్‌లో ఒక బిట్ తనంతట తాను మారిపోవచ్చు. అది సినిమా చూసే కంప్యూటర్ అయితే ఒక చుక్క రంగు మారుతుందేమో. మూడు రోజుల సిమ్యులేషన్ మధ్యలో మారితే? ప్రోగ్రామ్ ఆగిపోతే అదృష్టం. ఆగకుండా తప్పుడు జవాబు ఇస్తే ఎవరికీ తెలియదు.

1940ల చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో గణితవేత్త రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలే (విద్యుత్ స్విచ్‌లతో నడిచే) కంప్యూటర్‌కు లెక్కలు అప్పగించి వెళ్లేవారు. తప్పు దొర్లిందని పసిగట్టగానే ఆ యంత్రం లెక్కను మధ్యలో వదిలేసి తర్వాతి దానికి వెళ్లిపోయేది. తప్పు జరిగిందని కనిపెట్టగలిగిన యంత్రం, ఎక్కడ జరిగిందో కనిపెట్టి దిద్దుకోలేదా అని ఆయన ఆలోచించారు. 1950లో ఆయన ప్రచురించిన కోడ్‌లు అలా పుట్టాయి. ఈసీసీ ర్యామ్‌కు మూలం అదే. డీడీఆర్4 ఈసీసీ స్టిక్‌లో ప్రతి 64 బిట్‌లకు 8 బిట్‌లు అదనంగా ఉంటాయి. వాటి సాయంతో ఒక బిట్ తప్పును దిద్దుతుంది, రెండు బిట్‌ల తప్పును పట్టి చెబుతుంది.

ఇలాంటి తప్పులు ఎక్కడో అరుదుగా జరుగుతాయని అనుకోవద్దు. గూగుల్ సర్వర్ల మీద జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్‌లలో కనీసం ఒక తప్పు కనిపించింది.

ఒక మాట జాగ్రత్తగా గమనించండి. ప్రతి డీడీఆర్5 చిప్‌లోనూ ‘ఆన్‌-డై ఈసీసీ’ ఉంటుంది, అమ్మేవారు దాన్ని చూపించి ఇందులో ఈసీసీ ఉందనవచ్చు. అది చిప్ లోపలి తప్పులనే దిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే తప్పులు దానికి అందవు. అసలైన ఈసీసీకి స్టిక్, ప్రాసెసర్, మదర్‌బోర్డ్ మూడూ ఒప్పుకోవాలి. ఇంటెల్ 12వ తరం కోర్ ప్రాసెసర్లతో అయితే డబ్ల్యూ680 చిప్‌సెట్ బోర్డ్ కావాలి. రైజెన్‌తో అయితే బోర్డ్ మాన్యువల్‌లో ఈసీసీ సపోర్ట్ ఉందని రాసి ఉందో లేదో చూడండి. లెక్కలు, డేటా, నెలల తరబడి దాచుకునే ఫైళ్లు మీ పని అయితే, ఈసీసీ తీసుకోమనే నా సలహా. స్పీడ్ కొంత తగ్గినా సరే.

స్పీడ్

పెట్టె మీద స్పీడ్ పక్కన సీఎల్ అనే అంకె ఉంటుంది, అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ ఎన్ని క్లాక్ సైకిళ్లు తీసుకుంటుందో అది చెబుతుంది. సీఎల్ అంకెను 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే ఆ ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 6000 సీఎల్30 అంటే 10. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా 10. పెట్టె మీది పెద్ద అంకెలకు మోసపోవద్దు. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్లు (స్టిక్‌లో ముందే రాసి ఉంచిన స్పీడ్ సెట్టింగ్‌లు) ఆన్ చేస్తేనే పెట్టె మీది స్పీడ్ వస్తుంది, అయితే అవి ఓవర్‌క్లాకింగ్ (అధికారిక స్పీడ్‌ను మించి నడపడం) కిందకే వస్తాయి. ప్రాసెసర్ అధికారికంగా ఒప్పుకునే స్పీడ్ చాలు.

ఈ వారం అభ్యాసం

మూడు పనిరోజులు కమిటెడ్ అంకెను గమనించి, అన్నింటికంటే పెద్దది రాసుకోండి. సగం కలిపి పరిమాణం తేల్చండి. మీ మదర్‌బోర్డ్ తయారీదారు సైట్‌లో, పరీక్షించిన ర్యామ్‌ల జాబితాలో ఆ పరిమాణం గల కిట్‌లు మూడు వెతికి పార్ట్ నంబర్లు రాయండి. హీట్‌సింక్ ఎత్తు కూడా పక్కనే రాయండి, ఆరో పాఠంలో కూలర్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. మాన్యువల్ తెరిచి, రెండు స్టిక్‌లను ఏ స్లాట్లలో పెట్టమన్నారో చూడండి. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది.

ర్యామ్ ఇప్పటికే కొన్నవారికి ఒక మాట. డీడీఆర్5తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. టెన్షన్ పడి పవర్ తీసేయకండి. బోర్డ్ ర్యామ్‌తో సిగ్నల్ సరిచూసుకుంటోంది. ఆ తర్వాత, విండోస్ ఎక్కించకముందే, మెమ్‌టెస్ట్86 పెట్టి ఒక రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు కనిపించినా కిట్ తిరిగి ఇచ్చేయండి. వచ్చే పాఠంలో ఎస్‌ఎస్‌డీలు.