తోటింటి రేకులు మార్చాక నీళ్లు కారుతున్నాయా?

శనివారం పొద్దున తోటింటి తాళం తీయగానే మంచం నడుమ తడి మచ్చ కనబడితే, ఎవరైనా మొదట చేసే పని సిలికాన్ ట్యూబు కొనుక్కొచ్చి పైకెక్కడం. నేనూ అదే చేశాను. వికారాబాద్ వైపు మామిడి తోటలో మాకు రెండు గదుల ఇల్లుంది. పాత సిమెంటు రేకులు తీసేసి, రంగు పూత ఉన్న ఇనుప రేకులు మా తమ్ముడూ నేనూ కలిసి వేసుకున్నాం. మొదటి రెండేళ్లలో ఆ కప్పు ఏడు ట్యూబుల సిలికాన్ తాగింది. చివరికి తేలిందేమిటంటే, రేకుకు చిల్లిపడి కారిన చుక్క ఒక్కటీ లేదు. అన్నీ రేకు ఎక్కించక ముందో, ఎక్కించేటప్పుడో మేం చేసిన పొరపాట్లు.

లెక్కలు అర్థం కావడానికి కొలతలు చెబుతున్నా: ఇల్లు 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. వెనక గోడ 11 అడుగులు, ముందు గోడ 9. అంటే ఎనిమిది అడుగులకు ఒక అడుగు వాటం. చూరుతో కలిపి 18 అడుగుల రేకులు ఎనిమిది పట్టాయి.

లోపల కారుతోంది, పైకెక్కి చూస్తే ఏమీ లేదు

లోపలికొచ్చిన నీరు రేకు అడుగున అంటుకుని వాటం వెంట జారుతుంది. అడ్డపైపు (రేకులను కిందినుంచి మోసే ఇనుప పైపు) తగిలిన చోట ఆగి చుక్కగా రాలుతుంది. కాబట్టి మచ్చకు నేరుగా పైన వెతికితే దొరకదు. అక్కణ్ణుంచి ఎగువకు వెతకాలి.

ఎండ కాసే రోజున ఒకరు టార్చి పట్టుకుని లోపల, ఒకరు నీళ్ల పైపుతో పైన. పైపు చూరు దగ్గర మొదలుపెట్టి మెల్లగా ఎగువకు జరపండి, ఒక్కో వరుసకు పది నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని అతుకుల మీదుగా పారి, ఏది దొంగో తెలియదు. లోపలున్నవాళ్లు కేకేయగానే సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

వారమంతా ఎవరూ ఉండని ఇంటికి ఇంకో ఉపాయం ఉంది. వెళ్లేముందు నేలమీద పలచగా ముగ్గుపిండి చల్లి తాళం వేయండి. మళ్లీ వచ్చేసరికి తడి ఆరిపోయినా, చుక్క పడ్డ ప్రతిచోటా చిన్న గుంట మిగిలి ఉంటుంది.

స్క్రూ చుట్టూ తడి

కారే కప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. స్క్రూ తల కింద ఇనుప బిళ్ల, దానికింద నల్ల రబ్బరు వాషరు ఉంటాయి. నీళ్లను ఆపేది ఆ రబ్బరే. అది బిళ్ల అంచు దాటి బయటికి ఉబ్బి, పగిలినట్టు కనబడితే అతిగా బిగించినట్టు. వేలితో తిప్పితే బిళ్ల కదిలితే చాలలేదు. రబ్బరు బిళ్ల అంచుదాకా వచ్చి ఆగిందా, సరిపోయింది. మేం అద్దెకు తెచ్చిన ఇంపాక్ట్ మిషను ఇక్కడే మా కొంప ముంచింది. దానికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఆగే బలం ముందే పెట్టుకునే క్లచ్ ఉన్న మామూలు డ్రిల్లు మిషనే మేలు.

స్క్రూ వంకరగా దిగితే వాషరు ఒక పక్కే నొక్కుకుంటుంది. తీసి, అదే రంధ్రంలో కాస్త లావుది వేయాలి: 5.5 మి.మీ. ఉన్నచోట 6.3 మి.మీ. స్క్రూ, కొత్త వాషరుతో. పాత వాషరు చుట్టూ సిలికాన్ పూస్తే ఒక్క వేసవి ఆగుతుంది, అంతే.

స్క్రూ ఊరికే గిరగిరా తిరుగుతుంటే అది కింది పైపును తప్పిందన్నమాట. దాన్ని అలా వదలొద్దు. తీసేసి, రంధ్రం మీద బ్యూటైల్ టేపు (జిగురున్న రబ్బరు పట్టీ) వేసి, పైన చిన్న రేకు ముక్క పెట్టి రివెట్టు కొట్టండి. ఇలాంటివి మా కప్పుకు పదకొండు. అడ్డపైపుల వరుసకు దారం కట్టి గుర్తు పెట్టుకుని ఉంటే ఒక్కటీ ఉండేది కాదు.

స్క్రూ రేకు గట్టు (పైకి లేచిన మడత) మీద కొట్టాలా, గాడిలోనా (మడతల మధ్య పల్లంలోనా) అనే వాదం ఎప్పుడూ ఉంటుంది. గాడిలో కొడితే రేకు పైపుకు ఆనుకుని గట్టిగా పట్టుకుంటుంది, నిజమే. కానీ నీళ్లు పారేది గాడిలోనే. జడివాన గంటసేపు కురిసే ఊళ్లో కప్పు మీద గట్టునే నమ్ముతాను. అప్పుడు స్క్రూ పొడవుండాలి, గట్టు ఎత్తు పోగా పైపులోకి దిగాలి కదా. మాకు 55 మి.మీ. సరిపోయింది.

వాన లేదు, అయినా పొద్దున్నే చుక్కలు

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున దుప్పటి మీద టపటపమని పడ్డాయి. బయట నేల పొడిగా ఉంది. తమ్ముడు కోతులేమో అన్నాడు. కోతులైతే ముందు చప్పుడొస్తుంది.

అది మంచు. ఇనుప రేకు రాత్రి ఆకాశంలోకి వేడిని వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గదిలో పడుకున్న మనుషుల ఊపిరి, పొయ్యి మీది ఆవిరి పైకెళ్లి ఆ చల్లని రేకుకు తగిలి నీళ్లవుతాయి. సిమెంటు రేకు కాస్త తేమ పీల్చుకుంటుంది కాబట్టి పాత కప్పుకింద ఇది తెలియలేదు. దీనికి సిలికాన్ పూయడమంటే చెమట పట్టిన చెంబుకు మాట్లు వేయడమే.

పరిష్కారం రెండు పనులు. గోడకూ రేకుకూ మధ్య సందును సిమెంటుతో పూర్తిగా పూడ్చకండి. ఎదురెదురు గోడల్లో గాలి ఆడే దారి వదిలి జాలీ కొట్టండి. రెండోది, రేకు కింద ఫోం షీటు. అల్యూమినియం పొర అంటిన ఫోం చుట్టలు దొరుకుతాయి. రేకులు ఎక్కించక ముందే అడ్డపైపుల మీద పరిస్తే ఒక పూట పని. తర్వాత కిందినుంచి అతికించాలంటే మెడలు పట్టేస్తాయి, మాకు రెండు వారాంతాలు పట్టింది. ఎండాకాలపు వేడికీ ఇదే మందు. రేకు తెలుపో, లేత రంగో అయితే ఇంకా నయం. ముదురు ఎరుపు చూడ్డానికి పెంకుటిల్లులా ఉంటుందని కొన్నాం, రోహిణి కార్తెలో దాని ఫలితం అనుభవించాం.

మామూలు వానకు బాగానే ఉంది, గాలివానకే కారుతోంది

రేకు పక్కన రేకు కలిసే అతుకు గాలికి ఎదురుగా నోరు తెరిచి ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా పడమటి దిక్కునుంచి వస్తుంది. అందుకని మొదటి రేకు తూర్పు చివర వేసి, పడమటికి పోతూ ఒక్కొక్కటీ ముందుదాని మీదికి ఎక్కించాలి. మేం నిచ్చెన ఎటు ఆనిస్తే అటునుంచి మొదలుపెట్టాం.

మళ్లీ విప్పకుండా సరిచేయాలంటే అతుకు వెంట స్క్రూలు వదులు చేసి, పై రేకును కొద్దిగా ఎత్తి, గట్టు మీద పొడవునా బ్యూటైల్ టేపు పరిచి మళ్లీ బిగించాలి. రెండు రేకుల మధ్య వెంట్రుకంత సందున్నా నీరు దానంతట అది పైకి పాకుతుంది. టేపు ఆ సందును మూస్తుంది. పొడవునా రెండు రేకులు కలపాల్సి వస్తే కనీసం 15 సెం.మీ. ఒకదానిమీద ఒకటి ఉండాలి, వాటం తక్కువైతే 30. ఒకే రేకు చూరుదాకా వస్తే ఆ తలనొప్పే లేదు.

ఎనిమిదో రేకు దగ్గరికి వచ్చేసరికి చూరు వంకర

కారణం రేకు కాదు, గోడలు. పాత తోటిళ్లు మూలమట్టానికి కట్టరు. మొదటి రేకును గోడకు సరిచూసి వేస్తే, ఆ వంకర ఒక్కో రేకుకూ పెరిగి చివరికి జానెడవుతుంది. పైపుల చట్రం మీద మూలనుంచి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెంటి మధ్య 5 అడుగులు వస్తోందో లేదో చూడండి. 6, 8, 10 అయితే ఇంకా కచ్చితం. మేస్త్రీలు చేసేది ఇదే. చూరు వెంట దారం లాగి, రేకు దారానికి వేయండి. గోడ వంకర గోడదే.

గోడకు ఆనిన చోట కారుతోంది

సిమెంటు మాలుతో మూసి ఉంటారు. 18 అడుగుల ఇనుప రేకు తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నపు ఎండకూ మధ్య దాదాపు 3 మి.మీ. సాగుతుంది. మాలు సాగదు, పగులుతుంది. పైగా తడి సిమెంటు జింకు, అల్యూమినియం పూతను తినేస్తుంది. గోడలో గాడి కోసి, వంచిన రేకు పట్టీ అంచును అందులో దోపి, కింది అంచు కప్పు మీదికి వాలేలా వదిలేయాలి. సీలెంటు వాడాల్సింది ఆ గాడిలో మాత్రమే.

మధ్యాహ్నం టక్ టక్ చప్పుడు వచ్చేదీ ఈ సాగడం వల్లే. దానికి మందు అక్కర్లేదు.

ఏడాదికే తుప్పు చుక్కలు

గ్రైండరుతో కోశారు. ఆ నిప్పురవ్వలు రంగులోకి దిగి, మొదటి వానకే తుప్పు పడతాయి. కోసిన అంచున పూత కూడా కాలిపోతుంది. రేకు కత్తెరతో కోయండి. సాయంత్రం దిగేముందు స్క్రూల ఇనుప రజను మెత్తని చీపురుతో ఊడ్చేయండి. మచ్చలు వచ్చేసి ఉంటే కడిగి, ఆ చోట జింకు ప్రైమరు, రంగు.

గాలికి రేకు దడదడమంటోంది

దీన్ని మాత్రం వచ్చే వారానికి వాయిదా వేయకండి. గాలి కప్పును కిందికి నొక్కడంకన్నా పైకి లాగడం ఎక్కువ, అదీ అంచుల్లో. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో గాలి మూల వేగం (కట్టడం తట్టుకోవాల్సిన గాలిని లెక్కగట్టడానికి తీసుకునే వేగం) హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన తర్వాత విశాఖను చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. చూరు పైపు మీదా, ఎగువ అంచునా, రెండు పక్కలా ప్రతి గట్టుకూ స్క్రూ ఉండాలి. నడుమ గట్టు విడిచి గట్టు చాలు. అడ్డపైపు గోడకు దేనితో పట్టి ఉందో కూడా చూడండి. రేకు పైపును వదలకపోతే పైపుతో సహా లేస్తుంది.

పాత సిమెంటు రేకు విప్పుతుంటే ముక్కలవుతోంది

ఆగండి. వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి దీన్ని నిషేధించింది. మన దగ్గర ఇంకా అమ్ముతున్నారు. తుప్పుపట్టిన హుక్కు బోల్టును రేకుమీద సుత్తితో కొట్టకుండా, కిందినుంచి బోల్టునే కోయండి. రేకును ముందు తడిపి, పగలకుండా ఒక్కొక్కటిగా దించండి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు, పీ100 ఫిల్టరు (సన్నని పొడిని కూడా ఆపేది) ఉన్నది కావాలి. ముక్కలతో దారి గుంతలు పూడ్చొద్దు, మందపాటి పాలిథీన్‌లో చుట్టి టేపు వేయండి. చెత్తబండికి కూడా వేయొద్దు. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, పంపే పద్ధతి ముందుగా కనుక్కోండి.

ఇంకొకటి, ఆ రేకుల మీద కాలు పెట్టకండి. నిన్న మోసిన రేకు ఇవాళ విరుగుతుంది. రెండు అడ్డపైపుల మీద ఆనేలా పొడవాటి పలక వేసి, దానిమీదే నడవాలి.

ఆదివారం సాయంత్రం, సగం కప్పు ఆకాశం

శనివారం ఉత్సాహంలో మొత్తం విప్పేశారు. చట్రం సరిచేయడానికే మూడు పూటలు పట్టింది. చీకటి పడుతోంది, సోమవారం ఆఫీసు. ఇప్పుడు చేయగలిగింది టార్పాలిన్ ఒక్కటే. వెనక గోడ ఎగువ అంచు దాటించి కిందికి మడవండి. చూరు వైపు పైపుకు చుట్టి కట్టండి. నడుమ గుంట పడి నీళ్లు నిలవకుండా అడ్డపైపుల మీదుగా తాళ్లు లాగండి.

వచ్చేసారికి లెక్క ఇలా వేసుకోండి: శనివారం మధ్యాహ్నానికి ఎన్ని రేకులు ఎక్కించగలరో అన్నే పొద్దున విప్పండి. ఇద్దరు మనుషులకు మొదటిరోజు నాలుగు వేస్తే గొప్ప. 18 అడుగుల రేకు గాలికి తెరచాపలా లేస్తుంది కాబట్టి ఈదురుగాలి మొదలైతే పైకి పంపకండి. మెయిన్ ఆపినా సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది కాబట్టి, పైకెక్కే ముందు కరెంటు వాళ్లకు చెప్పి లైను ఆపించి, ఆ వైరు రేకు అంచుకు ఎక్కడా రాసుకోకుండా పక్కకు కట్టించండి. మా ఇంట్లో అది చూసింది తమ్ముడు, అదీ ఐదో రేకు ఎక్కించాక.