పెద్ద పండ్ల గబ్బిలాన్ని అట్లాస్ మాత్‌తో పోల్చే పద్ధతి

రెండూ ఎగురుతాయి కాబట్టి పోలికను రెక్కతోనే మొదలుపెట్టాలి. చెట్టుకు తలకిందులుగా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం రెక్క నిజానికి ఒక చెయ్యి. సాగిన వేలి ఎముకల మధ్య చర్మం పరుచుకొని ఉండగా, బొటనవేలి గోరు కొక్కెంలా బయటికి పొడుచుకొని కనిపిస్తుంది. అట్లాస్ మాత్ అనే పెద్ద చిమ్మట నాలుగు రెక్కల్లో ఎముకన్నదే ఉండదు. తాకితే వేలికి పొడిలా అంటుకునేవి దాని పొలుసులు. రెక్కలు చాపిన వెడల్పు మాత్‌కు సుమారు 25 సెంటీమీటర్లు, గబ్బిలానికి మీటరుకు పైనే.

ఆహారం దగ్గర జాగ్రత్త అవసరం. ఎదిగిన మాత్‌కు పనిచేసే నోరే లేదు కనుక, గబ్బిలం తినే పండ్ల పక్కన గొంగళిపురుగు దశలో అది తిన్న ఆకులనే రాయాలి. గబ్బిలాలన్నీ ప్రతిధ్వనితోనే దారి వెతుక్కుంటాయని రాసేయడం తరచు కనిపించే పొరపాటు. ఈ జాతి చూపు, వాసనల మీద ఆధారపడుతుంది. మగ మాత్ కూడా తల మీది ఈకల్లాంటి స్పర్శశృంగాలతో (మీసాలతో) ఆడదాని వాసనను పసిగడుతుంది.